ఒగ్గీ, లెగుస్తాది

మూడుంబావుకి కరెంటు పోయింది.
నాలుగు ఏరియేటర్లూ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
భావనపాడు వెనక, ఉప్పుమడులు దాటాక,
మా చెరువు మీద నిశ్శబ్దం
ఎప్పుడూ మంచి కబురు కాదు.

మీటరు తీగ నీళ్లలోకి జారవిడిచాను.
మూడు పాయింట్ ఆరు.
ఇంజను తాడు లాగాను. దగ్గింది. ఊరుకుంది.
మూడు పాయింట్ ఒకటి.
దానయ్యకి ఫోన్ చేశాను, డీజిల్ పట్రమ్మని.
బేగి రారా, అన్నాను.
వచ్చెత్తన్నాను, అన్నాడు,
మంచం మీంచే.

గట్టు వారనే రొయ్యలు తేలుతున్నాయి.
ఒక పిల్లని దోసిట్లోకి తీసి టార్చి వేశాను.
గాజు పెంకు కింద, తలకి కాస్త వెనకగా,
ఆవగింజంత గుండె.
పగలు చూస్తే లెక్కకందదు.
ఇప్పుడు లెక్కపెట్టొచ్చు.
ఒకటి.
రెండు.
మూడోదాని కోసం ఆగాల్సొచ్చింది.

డిగ్రీలో కప్ప గుండె
ఉప్పునీళ్ల గిన్నెలో
కప్ప లేకుండానే ఆడేది.
అటెండరు సింహాచలం గారు గిన్నె పక్కన గడియారం పెట్టి
టీకి వెళ్లొచ్చేవారు. అప్పటికీ ఆగేది కాదు.
"సచ్చిపోనావని దీనికెవులూ సెప్పనేదమ్మా" అనేవారు.
మార్కులు దానికే వేశారు, నాకు కాదు.

మడుగెండితే కొర్రమేను
బురదలో దూరి, నోటితో ఇంత గాలి మింగి
దాంతోనే రోజులు గడుపుతుంది.
ఎవరి పొదుపు వాళ్లది.

మా అయ్య, సూరాడ పోలయ్య,
ఇవేవీ చదువుకోలేదు.
వలలో చిక్కిన తాబేలు
ఎంతసేపు మునిగుందో, మెడ వేలాడేసి పైకొచ్చేది.
కుర్రాళ్లు తిరిగి నీళ్లలోకి విసరబోతే
అమ్మనాలి తిట్టేవాడు.
టైరు ముక్క మీద దాని వెనక కొంచెం ఎత్తిపెట్టి,
తడి గోనె కప్పి,
"ఒగ్గీ, లెగుస్తాది" అని చుట్ట వెలిగించేవాడు.
లోపల ఆ గుండె
ఒక్కో దెబ్బా అడిగి అడిగి కొడుతుండేది కాబోలు.
పొద్దు వాలేవేళకి ఒక రెక్క కదిలేది.
కొన్ని కదల్లేదు.
వాటి సంగతి అయ్య ఇంటికి తెచ్చేవాడు కాదు.

మనిషి గుండెకి ఆ విద్య రాదు.
గాలి తగ్గితే ఇంకా పరిగెడుతుంది,
అప్పుల్లో ఉన్నవాడు
ఇంకో అప్పుకి వెళ్లినట్టు.

పోయిన కార్తీకంలో తెప్ప ఒడ్డుకి లాగుతూ
అయ్య ఇసకలో కూలబడ్డాడు.
నొప్పి అనలేదు. సముద్రం దూరంగా ఉందేటి, అన్నాడు.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
తెర మీద డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది:
గుండె గోడలో అరచేతి మడతంత మేర
కదలటం లేదు.
చచ్చిపోయిందాండీ?
"అంతా కాదు. రక్తం చాలకపోతే కొంత కండ
పని మానేసి పడుకుంటుంది.
దారి తెరిస్తే లేవొచ్చు. ఎంతో, ఎప్పుడో, చెప్పలేం."
నేను నవ్వానట.
ఆవిడ నర్సుని పిలిచింది.

రెండు పాయింట్ రెండు.
తెడ్డుతో నీళ్లు కొడుతున్నాను, ఒక్కదాన్ని,
రెండెకరాల చెరువుకి.
చీర మోకాళ్ల దాకా తడిసింది. సిగ్గేసింది కూడా:
ఈ సవ్వడి రొయ్యలకోసమా, నాకోసమా?

ఫోన్ మోగింది. అయ్య.
ఇంట్లో ఫ్యాను ఆగి మెలకువొచ్చిందట.
"ఇంజను లెగనేదేటి?"
లేదు.
"తేలీసినాయా?"
కొన్ని.
తర్వాత ఏమీ అనలేదు.
దిబ్బ మీంచి దానయ్య బండి లైటు
ఉప్పుమడుల్లో పడి ముక్కలవుతూ వస్తోంది.
చెవిలో అయ్య ఊపిరి.
లెక్కపెట్టాను. ఒకటి.
రెండు.
"ఇంకెట్టీ" అన్నాడు,
"సార్జింగు అయిపోద్ది."